రెండో రాత ఎవరిది

జూన్ 25, 2025, బుధవారం

బడి తెరిచి రెండు వారాలైంది, ఇంకా కొత్త పిల్లలు చేరుతూనే ఉన్నారు. మూడో పీరియడ్ ఖాళీ అయితే తొమ్మిదో తరగతి హాజరు పట్టీ ముందేసుకుని కూర్చున్నాను. పదకొండున్నరకి ఆయన ఫోన్ చేశారు, కోకాపేటలో కడుతున్న టవర్ల సైటు నుంచి. ఆఫీసు కాగితం ఒకటి మంచి తెలుగులో కావాలట, వాళ్ళ దగ్గర తెలుగు సరిగా రాసేవాళ్ళు ఒక్కరూ లేరట. ఏమేం ఉండాలో మెసేజ్‌లో పెట్టారు. నేను రాసి పంపాను. నాలుగు వాక్యాలే.

ఉదయ్ భాస్కర్ అనే ఈ సేఫ్టీ ఆఫీసరు గారికి పదహారేళ్ళ కాపురంలో నా తెలుగుతో పని పడటం ఇదే మొదటిసారి. "థాంక్స్ భానూ" అని కూడా పెట్టారు.

బీరకాయలు లేతగా దొరికాయి.

జూన్ 26

అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. సైట్లో పని ఎక్కువగా ఉందట.

జూన్ 27

ఇవాళా తినలేదు. నేను అడగలేదు.

జూన్ 30, సోమవారం

నా క్లాసు పిల్ల నవనీత మూడు రోజులుగా రావడం లేదు. పక్కన కూర్చునే యశస్విని చెప్పింది, "వాళ్ళ డాడీ చనిపోయిండంట టీచర్. ఊరికి పోయిన్రు." ఎలా పోయాడని అడగబోయాను. గంట కొట్టారు.

గుండెపోటు అయి ఉంటుంది. ఈ మధ్య అందరికీ అదే.

జూలై 9, బుధవారం

చాలా రోజుల తర్వాత పాఠం చెప్పిన తృప్తి కలిగింది. రాసి పెట్టుకోవాలి.

ఒకే సంగతిని వేరువేరు మనుషులు ఎన్ని రకాలుగా రాస్తారో చూపిద్దామని మూడు కాగితాలు బోర్డుకి అంటించాను. ఒకటి మదీనాగూడ సిగ్నల్ దగ్గర కార్ల అద్దాల్లో దూర్చే అపార్ట్‌మెంట్ కరపత్రం. "మబ్బుల అంచున మీ ఉదయం" అని పెద్ద అక్షరాలు. రెండోది మా వీధిలో టు-లెట్ బోర్డు ఫోటో. "రెండు గదులు. నీళ్ళు కలవు. పెళ్ళికాని వారికి ఇవ్వబడదు." మూడోది మా పిన్ని కాకినాడ నుంచి అమ్మకి ఎప్పుడో రాసిన ఉత్తరం. "అక్కా, ఈ ఇంట్లో కిటికీ తీస్తే పక్కింటి గోడ. చెయ్యి చాపితే తగుల్తుంది." మూడూ ఇళ్ళ గురించే.

బోర్డు మీద ఐదు ప్రశ్నలు రాశాను. ఎవరు రాశారు? ఎవరి కోసం? ఏం చెప్పారు? ఏం చెప్పలేదు? మాటలు ఎలాంటివి?

చిన్ను లేచి, "టీచర్, ఫస్టుదాంట్ల మబ్బులున్నయ్ గని ఇల్లు లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు నవ్వించడానికి అన్నా సరిగ్గా అన్నాడు. రెండోదానిలో ఇల్లుంది, మనిషి లేడు. మూడోదానిలో మనిషి చెయ్యి కూడా ఉంది.

అప్పుడు చివరి బెంచీ నుంచి నవనీత లేచింది. ఇవాళే వచ్చింది. చిక్కిపోయింది. "టీచర్, 'ఇవ్వబడదు' అన్నరు. ఎవరు ఇవ్వరు?"

పిల్లలు మళ్ళీ నవ్వారు. నేను నవ్వలేదు. అడగాల్సిన ప్రశ్న అదేనని చెప్పాను. క్రియకి 'బడు' తగిలిస్తే పని కనిపిస్తుంది, చేసినవాడు దాక్కుంటాడు. ఆఫీసు రాతల్లో ఇది బాగా వాడతారు.

"దాక్కుంటే ఎట్ల దొరకాలె టీచర్?"

"మాటల్ని బట్టి వెతకాలి. రాసినవాళ్ళకి ఏం వచ్చు, ఏం రాదు, దేనికి భయపడుతున్నారు. రాతలో అన్నీ తెలిసిపోతాయి."

ప్రాజెక్టు ఇచ్చాను. ఎవరికి నచ్చిన సంగతి వాళ్ళు తీసుకోవాలి, దాని మీద మూడు రకాల రాతలు సంపాదించి పోల్చాలి. స్వయంగా రాయాలి, ఫోన్లో చూసి దించకూడదు. ఇరవై మార్కులు.

గంట కొట్టాక నవనీతని పిలిచి భుజం మీద చెయ్యి వేశాను. "ధైర్యంగా ఉండాలమ్మా" అన్నాను. తలూపింది. మరి నేను ఇంకేం అనగలను?

జూలై 21, సోమవారం

బోనాల సెలవు. వీధి చివర డప్పులు. ప్రాజెక్టు పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నాను, నలభై రెండు. ఆయన హాల్లో టీవీ పెట్టుకుని కూర్చున్నారు, చూడటం లేదు.

యశస్విని వాళ్ళ అక్క పెళ్ళి మీద రాసింది. శుభలేఖ, వంటవాడి చీటీ, పెళ్ళికి రాలేనివాళ్ళు పెట్టిన మెసేజ్. ఎంత బాగా పట్టుకుందో. "శుభలేఖలో వంటవాడు లేడు, వంటవాడి చీటీలో పెళ్ళికూతురు లేదు" అని రాసింది. చిన్ను క్రికెట్ మీద రాశాడు, ఎక్కడో చూసి దించాడు.

నవనీతది ఇరవై మూడో పుస్తకం.

తర్వాతవి రేపు చూస్తాను.

జూలై 22

నవనీత రాసింది ఇక్కడ ఎత్తి రాసుకుంటున్నాను. ఎందుకో తెలీదు. పుస్తకం తిరిగి ఇచ్చేయాలి కదా.

"నేను తీసుకున్న సంగతి: మా నాయిన లింగయ్య చనిపోవుట.

మొదటి రాత పేపరు వార్త. ఐదు లైన్లు ఉంది. అందరి కోసం రాశారు. మా ఊరి పేరు తప్పు రాశారు. నాయినకు నలభై ఐదు ఏండ్లు అని రాశారు, ముప్పై తొమ్మిది. ఎందుకు పడ్డాడో రాయలేదు.

రెండో రాత కంపెనీ కాగితం. దీని మీద మా అమ్మ వేలిముద్ర ఉన్నది. కాని మా అమ్మ రాయలేదు, అమ్మకు చదువు రాదు. 'దురదృష్టవశాత్తు కార్మికుడు తన భద్రతా బెల్టును స్వయంగా విప్పుకొన్నందున అదుపు తప్పి పడి మరణించాడు. సంస్థ తరఫున అన్ని జాగ్రత్తలు తీసుకోబడ్డాయి.' ఇంకా రెండు లైన్లు ఉన్నాయి.

మూడో రాత రాసింది కాదు. నాయిన పొద్దున అమ్మకు ఫోన్ల పెట్టిన మాట. నేను విని రాసిన. 'సాయమ్మా, ఇయ్యాల గూడ బెల్టులు రాలే. తాడు కట్టుకొని ఎక్కమంటున్నరు. అడిగితె సారు రేపు అన్నడు. పిల్ల బడికి పోయిందా. సద్ది మంచిగున్నది.'

పోలిక: రెండో రాతలో బెల్టు విప్పుకున్నాడు అని ఉంది. మూడో రాతలో బెల్టు లేదు అని ఉంది. లేని బెల్టును విప్పుకోలేరు. రెండో రాతలో మాటలు చాలా మంచిగ ఉన్నాయి, ఒక్క తప్పు లేదు. కాని అందులో నాయిన పేరు లేదు, కార్మికుడు అని ఉంది. 'తీసుకోబడ్డాయి' అని ఉంది, ఎవరు తీసుకున్నారో లేదు. మూడో రాతలో తప్పులు ఉన్నాయి, నేను ఉన్నాను."

ఐదు ప్రశ్నలకీ గళ్ళు గీసింది. మొదటి రాత, ఎవరు రాశారు: పేపరు విలేకరి. మూడో రాత: నాయిన. రెండో రాత దగ్గర గడి ఖాళీ.

'దురదృష్టవశాత్తు' నేను చేర్చిన మాట. ఊరికే బెల్టు విప్పాడు, పడ్డాడు అని రాస్తే కఠినంగా ఉంటుందని. 'స్వయంగా' కూడా నాదే. వాక్యం తూగడానికి.

పద్దెనిమిది మార్కులు వేశాను. ఒక గడి ఖాళీగా ఉంది కాబట్టి రెండు తగ్గించాను. ఎవరికైనా అలాగే తగ్గిస్తాను.

జూలై 24

పుస్తకాలు పంచాను. నవనీత టేబుల్ దగ్గరికి వచ్చింది.

"రెండు మార్కులు ఎందుకు పోయినయ్ టీచర్?"

"ఒక ప్రశ్నకి జవాబు లేదు కదమ్మా."

"తెల్వలేదు టీచర్. అమ్మను అడిగిన, అమ్మకు తెల్వదు. మేస్త్రీని అడిగిన, ఆఫీసోళ్ళు అన్నడు. ఆఫీసోళ్ళంటే ఎవరు?" పుస్తకం నా ముందుకి జరిపి, "మీకు చూస్తే ఏమన్న ఎరుకైతదా?" అంది.

"చూస్తాలే" అన్నాను.

జూలై 27, ఆదివారం

ఆయన్ని అడిగాను. వంటింట్లో, ఉల్లిపాయలు తరుగుతూ. అప్పుడైతే ముఖం చూడక్కర్లేదు.

"జూన్‌లో నాతో రాయించారే, ఆ కాగితం. అతని కూతురు నా క్లాసులో ఉంది."

టీవీ సౌండు తగ్గించారు. తర్వాత, "ఏ అమ్మాయి?" అన్నారు. చెప్పాను. "నీకు తెలీదు కదా అప్పుడు" అన్నారు.

"మీకు తెలుసు కదా, బెల్టుల సంగతి."

"బెల్టులు కావాలని మూడు మెయిళ్ళు పెట్టాను భానూ. మే నెల నుంచి పెడుతూనే ఉన్నాను. వస్తాయి వస్తాయి అన్నారు. పని ఆపితే ఎందుకు ఆపావంటారు, ఆపకపోతే ఇదీ. నేనేం చెయ్యాలో చెప్పు."

"ఆ మెయిళ్ళు చూపించండి ఎవరికైనా."

"చూపించి? నలభై ఆరేళ్ళకి నన్నింకెవరు తీసుకుంటారు?" టీవీ సౌండు పెంచారు.

ఆయన మంచివారు. మెయిళ్ళు పెట్టారు. మూడు పెట్టారు.

ఆగస్టు 2, శనివారం

మధ్యాహ్నం సాయమ్మ బడికి వచ్చింది. నవనీత తల్లి. ఏదో ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుందట, ఆ నీలం కోటుతోనే వచ్చింది. వెనక నవనీత. స్టాఫ్ రూములో నేను ఒక్కదాన్నే ఉన్నాను. కూర్చోమన్నా కుర్చీలో కూర్చోలేదు.

ప్లాస్టిక్ కవరులోంచి కాగితాలు తీసి టేబుల్ మీద పెట్టింది. దవాఖాన కాగితాలు, ఆధార్, వాటి మధ్య అది.

"జర సదివి చెప్పుండ్రి టీచరమ్మా. నేను దేనికి ఏలు పెట్టిన్నో నాకు ఎరుక లేదు. పిల్లేమో నాయిన మీదనే తప్పు రాసిన్రంటది. చిన్నపిల్ల, దానికేం సమజైతదని నేను. మీరు సదివితె మనసు కుదుటపడ్తది."

కాగితం చేతిలోకి తీసుకున్నాను. నా వాక్యాలు అచ్చు అక్షరాల్లో ఉన్నాయి. కింద వంకాయ రంగు వేలిముద్ర. చదివాను. మామూలుగా చదివాను, క్లాసులో చదివినట్టే. "దురదృష్టవశాత్తు కార్మికుడు అదుపు తప్పి పడి మరణించాడు. సంస్థ తరఫున అన్ని జాగ్రత్తలు..."

"టీచర్" అంది నవనీత, మెల్లిగా. "నడుమ ఒక ముక్క ఇడిచిపెట్టిన్రు."

దాని ముఖంలో కోపం లేదు. నా కళ్ళద్దాల తప్పేమో అనుకున్నట్టు వేలు పెట్టి చూపించింది. "ఇగో, ఈడ."

అప్పుడు చదివాను. తన భద్రతా బెల్టును స్వయంగా విప్పుకొన్నందున.

"స్వయంగా అంటె?" అంది సాయమ్మ.

"తనే... తనంతట తనే."

ఆమె కాగితం వైపు చూస్తూ నిలబడింది. నేను చెప్పాల్సింది అప్పుడే. నోట్లోకి వచ్చింది కూడా.

"గింత సక్కగ రాసిన్రు" అంది. "పెద్ద సదువులోల్లు. వాళ్ళకేం పడ్డది అబద్ధం రాయనీకి. ఆ దినం బెల్టులు మల్ల తెచ్చిచ్చిన్రేమో. ఈయనకు ఉక్కపోత ఆగదు, ఇంట్ల అంగీ గూడ ఉంచుకోడు. ఇప్పిండు. ఇప్పే ఉంటడు." కాగితాలు కవరులో పెట్టుకుంది. "మమ్మల్ని ఆగం జేసి పోయిండు, తానే."

"అమ్మా, కాదే, నాయిన ఫోన్ల..." అంది నవనీత.

"నువ్వు ఊకో. టీచరమ్మ సదివింది కద."

వెళ్ళిపోయారు.

ఆగస్టు 3

ఏమీ లేదు.

ఆగస్టు 6

నవనీత తనంతట తనే చెప్పింది, మెట్ల దగ్గర. వాళ్ళమ్మ నాయిన ఫోటో గోడ మీంచి తీసి సందుక పెట్టెలో పెట్టేసిందట. దీపం పెట్టడం లేదట. నాయిన మాట ఫోన్లో వినిపించబోతే ఫోన్ లాక్కుందట.

"మాటకన్న కాగితం పెద్దదా టీచర్?"

ఐదో పీరియడ్‌కి ఆలస్యమవుతుందని వచ్చేశాను.

ఆగస్టు 9, శనివారం

వారం రోజులుగా ఒక అంకె బుర్రలో తిరుగుతోంది. సాయమ్మ వచ్చిన రోజు టేబుల్ మీద దవాఖాన కాగితం కూడా ఉంది. మరణించిన సమయం సాయంత్రం నాలుగు నలభై. జూన్ 25.

ఇవాళ ఈ డైరీలో జూన్ 25 పేజీ తీశాను. పదకొండున్నరకి ఆయన ఫోన్ చేశారు అని నేనే రాసుకున్నాను. ఫోన్లో మెసేజ్‌లు చూశాను. ఆయన పెట్టినవి పదకొండు ముప్పై నాలుగు. నేను పంపింది పన్నెండు ఎనిమిదికి.

'మరణించాడు' అని రాశాను పన్నెండు ఎనిమిదికి.

బీరకాయలు లేతగా దొరికాయని కూడా రాసుకున్నాను ఆ పేజీలోనే.

అడిగాను. ఈసారి ఎదురుగా కూర్చుని. "ఆ టైముకి అతను బతికే ఉన్నాడు" అన్నాను.

ఉదయ్ తలెత్తలేదు. "డాక్టర్లు లాభం లేదన్నారు. పైనుంచి ఫోన్ మీద ఫోన్. కాగితం రెడీగా పెట్టుకోమన్నారు."

"బతికితే?"

"బతికితే ఆ మాట మార్చేవాళ్ళం."

తర్వాత ఏడ్చాడు. అతని వీపు నిమిరాను. పదహారేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే వెళ్ళింది.

ఆగస్టు 14

రేపటి జెండా పండగ ఉపన్యాసాలు దిద్దాను. ముప్పై ఒకటి. అన్నీ ఒకటే.

ఆగస్టు 17, ఆదివారం

వెళ్ళాను. లింగంపల్లి స్టేషన్ వెనక, రేకుల గదులు వరసగా ఉంటాయి, ఒకదానిలో కిరాయికి ఉంటున్నారు. ఉదయ్‌కి కూరగాయలకని చెప్పాను.

సాయమ్మ ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉంది, బియ్యం ఏరుతోంది. నవనీత గడప మీద కూర్చుని ఏదో రాసుకుంటోంది. నన్ను చూసి ఇద్దరూ లేచారు. ఒక్కటే స్టూలు ఉంది, తుడిచి వేశారు. గోడ మీద మేకు ఉంది, ఫోటో లేదు.

ఎలా మొదలుపెట్టాలో ఆటోలో అంతా అనుకుంటూ వచ్చాను. ఒక్క ముక్కా పనికి రాలేదు.

"సాయమ్మా, ఆ కాగితంలో ఉన్నది అబద్ధం. రాసింది నేను."

ఆమె చేట పక్కన పెట్టింది. నవనీత పెన్ను మూత పెట్టింది, అంతే.

"మా ఆయన ఆ సైట్లోనే పని చేస్తాడు. నాతో రాయించాడు. ఎవరి గురించో నాకు తెలీదు. మీ ఆయన బెల్టు విప్పలేదు. అసలు బెల్టు లేదు."

సాయమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ ఎదురుగానే ఉంది. జాలిగా చూసింది. "నా పిల్ల రంది పెట్టుకుంటున్నదని గిట్ల చెప్తున్నరు టీచరమ్మా. మీది మంచి మనసు."

"కాదు సాయమ్మా. నిజం."

"మరి ఆ దినం బడిల సదివిన్రు కద, నిజం లెక్కనే? అప్పుడెందుకు చెప్పలే?"



ఫోన్ తీసి నవనీతకి ఇచ్చాను. ఉదయ్ మెసేజ్‌లు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. ఆమెకి కాదు, ఆమె కూతురికి ఇచ్చాను. పద్నాలుగేళ్ళ పిల్లకి. ఆ పిల్ల చదువుతుంటే నేను నేల వైపు చూశాను.

"'అర్జెంట్. కార్మికుడు బెల్టు తనే విప్పుకున్నాడని ఉండాలె. బెల్టు లేదని ఎక్కడా రాకూడదు. కంపెనీ తప్పు లేదు అని మర్యాదగ రాయి. ఇంట్లోవాళ్ళతో వేలిముద్ర తీసుకోవాలె.'"

ఈ మెసేజ్ గురించి నేను ఇందులో ఎక్కడా రాసుకోలేదు. నాలుగు వాక్యాలు రాసి పంపానని మాత్రమే రాసుకున్నాను. బెల్టు లేదని ఎక్కడా రాకూడదు అన్నది ఆ రోజే చదివాను. చదివి అర్థం చేసుకోకుండా ఉండటం కుదురుతుందని నాకు ఇప్పుడు తెలిసింది.

"మల్లొకసారి సదువు" అంది సాయమ్మ.

నవనీత మళ్ళీ చదివింది.

"బెల్టు లేదని రాకూడదు అన్నడా?"

"అవునే."

సాయమ్మ లేచి, సందుక మూత తీసి, బట్టల కింద నుంచి ఫోటో తీసింది. కొంగుతో తుడిచింది. తగిలించలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "పదిహేను దినాలసంది తిడుతున్న ఈయన్ను" అంది. "లేస్తె తిట్టిన, పంటె తిట్టిన. కలల గూడ తిట్టిన." నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

నవనీత ఇంకా ఫోన్ చూస్తోంది. వేలితో పైకీ కిందికీ జరుపుతోంది. ఒకచోట ఆగిపోయింది. నాకు తెలిసింది, టైము చూసిందని. తల్లికి చెప్పలేదు. ఫోన్ నా చేతికిచ్చి, సందు చివరిదాకా నాతో నడిచింది.

"పన్నెండింటికి నేను దవాఖానల్నే ఉన్న టీచర్. బడికెళ్ళి తోలుకపోయిన్రు. నాయిన నీళ్ళు అడిగిండు. నర్సమ్మ ఇయ్యద్దన్నది."

నేను నిలబడిపోయాను.

"అమ్మకు ఆ టైం సంగతి చెప్పకున్రి. ఇప్పుడిప్పుడే ఇంత తింటున్నది." రైలు వెళ్ళేదాకా ఆగి, "ఆ మెసేజ్‌లు నాకు పంపుతరా? అమ్మ ఫోన్‌కు. కలెక్టరాఫీసుల ఇస్తం" అంది.

"ఇక్కడ సిగ్నల్ సరిగా లేదమ్మా. ఇంటికెళ్ళి పంపుతాను" అన్నాను.

సిగ్నల్ ఉంది.

ఆగస్టు 18

పంపలేదు. ఉదయ్‌కి జ్వరం. ఈ పరిస్థితిలో ఎలా?

ఆగస్టు 20

జ్వరం తగ్గింది.

ఆగస్టు 23

నవనీత రోజూ బడికి వస్తోంది. నోట్సు రాసుకుంటుంది, తలెత్తి చూస్తుంది, ఏమీ అడగదు. అడిగితే పంపేద్దును. ఎందుకు అడగదు?

పంపితే ఉదయ్ ఉద్యోగం పోతుంది. కేసు కూడా పెడతారేమో. పంపకపోతే ఏమవుతుంది? లింగయ్య తిరిగి రాడు. సాయమ్మకి నిజం తెలిసింది, అది ముఖ్యం. ఆ పని నేను చేశాను కదా.

పైన రాసింది ఇప్పుడే మళ్ళీ చదివాను. బాగా రాశాను. తప్పులు లేవు.

ఆగస్టు 28

పంపలేదు.

సెప్టెంబరు 1, సోమవారం

నవనీత టీసీ తీసుకోవడానికి సాయమ్మ వచ్చింది. ఊరికి వెళ్ళిపోతున్నారు, నారాయణపేట అవతల. తమ్ముడి ఇంట్లో ఉంటుందట, పిల్లని అక్కడి సర్కారు బడిలో వేస్తుందట.

టీసీ మీద క్లాస్ టీచర్ సంతకం నాది కావాలి. క్లర్కు అన్నీ నింపి తెచ్చాడు. బడి మానుటకు కారణం దగ్గర "తల్లిదండ్రుల కోరిక మేరకు" అని ఉంది. అందరికీ అదే రాస్తారు. పెన్ను తీసి అది కొట్టేశాను. పైన 'తండ్రి మరణం వల్ల' అని రాశాను.

ప్రిన్సిపాల్ వేణు సార్ చూసి నొచ్చుకున్నారు. "టీసీలో కొట్టివేతలు ఉండకూడదు మేడమ్, ఆ బడి వాళ్ళు తీసుకోరు. పిల్లకే ఇబ్బంది." ఆయన అన్నది నిజమే. క్లర్కు ఐదు నిమిషాల్లో కొత్తది తెచ్చాడు. తల్లిదండ్రుల కోరిక మేరకు. సాయమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఉంది, బస్సుకి టైమవుతోందని వాచీ లేని చెయ్యి చూసుకుంటూ. కొత్తదాని మీద సంతకం పెట్టాను.

సాయమ్మ రెండు చేతులతో అందుకుంది. "పోయొస్తం టీచరమ్మా" అంది. నవనీత సంచీ భుజానికి తగిలించుకుని నిలబడింది. ఇప్పుడైనా అడుగుతుందేమోనని చూశాను.

"పాఠం మంచిగ చెప్తరు టీచర్ మీరు" అంది. ఎత్తిపొడుపు కాదు. ఆ పిల్లకి అది రాదు. వెళ్ళిపోయింది.

ఆఖరి రెండు పీరియడ్లు ఏం చెప్పానో గుర్తు లేదు. బడి వదిలాక ఆటో ఎక్కలేదు. మదీనాగూడ దాకా హైవే వెంట నడిచాను. సగం దారిలో ఒక బట్టల షాపు ముందు ఆగి, మెట్ల మీద కూర్చుని పంపాను. ఉదయ్ పంపిన మెసేజ్‌లు, నేను పంపినవి, టైములతో సహా. ఉదయ్ భాస్కర్ నా భర్త అని, ఈ కాగితం రాసింది నేనే అని, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చి చెప్తానని కింద రాశాను. రెండుసార్లు చదువుకున్నాను. ఒక చోట 'రాయించబడింది' అని వచ్చింది. తీసేసి 'రాశాను' అని మార్చాను.

పది నిమిషాలకి జవాబు వచ్చింది. బస్సులోంచి పెట్టినట్టుంది. "వచ్చినయ్ టీచర్. టైం ఉన్నది గూడ పంపిన్రు. అమ్మకు నేను చెప్త, మెల్లగ."

ఇంటికి వచ్చేసరికి ఉదయ్ ముందే వచ్చి ఉన్నాడు. కాళ్ళు కడుక్కుని ఈ పుస్తకం తీసుకుని కూర్చున్నాను. ఇంతవరకూ రాసేలోపు టీ పెట్టి, నాక్కూడా ఒక కప్పు తెచ్చి పక్కన పెట్టాడు. ఏం రాస్తున్నావు అని అడిగాడు, చాలా రోజుల తర్వాత మామూలు గొంతుతో.

కూర్చోమన్నాను. కూర్చున్నాడు.